శంబూకం: ఆయుర్వేద గ్రంథాల్లో నత్త

తెలుగువారు నత్త అని పిలిచే జీవిని సంస్కృత వైద్యగ్రంథాలు శంబూకమన్నాయి. సుశ్రుతసంహిత సూత్రస్థానంలోని 46వ అధ్యాయం అన్నపానాలను గురించినది. అక్కడ శంబూకం మందుగా కాక మాంసాహారంగా కనిపిస్తుంది. శంఖం, ముత్యపుచిప్ప, నత్త మొదలైనవాటిని గ్రంథకర్త ‘కోశస్థాలు’ అన్నాడు. అంటే గుల్లలో ఉండేవి. వీటి మాంసం మధురమని, స్నిగ్ధమని, చలువ చేసేదని, వాతాన్ని హరించి పిత్తానికి మేలుచేసినా కఫాన్ని పెంచుతుందని వివరించాడు. తినేవారు లేని మాంసానికి ఇంత నిశితంగా గుణదోషాలు నిర్ణయించే అవసరం రాదు.

11వ శతాబ్దికి చెందిన చక్రపాణిదత్తుని చికిత్సాగ్రంథంలో ఇదే జీవి రెండు రకాల మందులైంది. పరిణామశూలకు, అంటే తిన్నది అరిగేవేళ పుట్టే కడుపునొప్పికి, నత్తగుల్లను కాల్చిన భస్మాన్ని వేడినీటితో ఇవ్వమన్నాడు. చెవిలోని నాడీవ్రణానికి నత్తమాంసంతో కాచిన ఆవనూనె వేయమన్నాడు. మొదటి యోగంలోని హేతువు రసాయనశాస్త్రానికి అందేదే. గుల్లలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. తీవ్రంగా కాలిస్తే అది సున్నమవుతుంది. రెండూ ఆమ్లాన్ని విరిచేవే. ఈ పోలికతోనే రెండవ యోగాన్నీ సమర్థించబూనడం తొందరపాటవుతుంది.

కాలక్రమంలో గుల్లకూ మాంసానికీ దారులు వేరయ్యాయి. గుల్ల శంబూకభస్మమై ఔషధశాలలో గౌరవం పొందింది. మాంసం చెరువుల్లో, వరిచేలల్లో నత్తలు ఏరుకునేవారి కూరగా మిగిలింది. కోస్తాంధ్రలో నత్తల కూర నేటికీ వండుతున్నా, దానిని పేదల తిండిగా చిన్నచూపు చూడడం పోలేదు. సుశ్రుతుని కోశస్థవివరణలో ఈ చిన్నచూపుకు ఆధారం లేదు. కొవ్వు తక్కువగా ఉండి మాంసకృత్తులు, ఇనుము, కాల్షియం సమకూర్చే ఆహారమిది.

వైద్యచరిత్రకారులు భస్మానికి ఇచ్చిన చోటును వంటింటి పద్ధతికి ఇవ్వలేదు. నిజానికి ఈ ఆహారం సురక్షితం కావడం ఆ పద్ధతిపైనే ఆధారపడి ఉంది. నత్తలను ఉడకబెట్టి, గుల్లలోంచి మాంసం తీసి, జిగురు వదిలేదాకా ఉప్పు, పసుపు వేసి కడిగి, మళ్లీ కూరగా ఉడికిస్తారు. పచ్చి నత్తలో అంజియోస్ట్రాంగిలస్ కాంటొనెన్సిస్ అనే పరాన్నజీవి లార్వాలు ఉండవచ్చు. అవి మనిషికి మెదడుపొరల వాపు తెచ్చిపెట్టగలవు. బాగా ఉడికితే అవి చస్తాయి. చేలో చల్లిన పురుగుమందు మాత్రం ఉడకబెట్టినంత మాత్రాన పోదు.