బడి ఎంపికలో మన భాష ఎక్కడ?

జూన్ నెల దగ్గర పడితే మన గూడేల్లో ప్రతి ఇంట్లో ఒకటే మాట. బిడ్డను ఏ బడిలో వేయాలి? మా తాతల కాలంలో ఈ ప్రశ్న లేదు, అప్పుడు బడే లేదు. మా చిన్నప్పుడూ లేదు, అప్పుడు ఉన్నది ఒక్కటే బడి. ఈరోజు అలా కాదు. గూడెంలో గిరిజన ప్రాథమిక పాఠశాల ఉంది. దాటితే ఆశ్రమ పాఠశాల, గురుకులం, ఏకలవ్య పాఠశాల ఉన్నాయి. లాటరీలో పేరు వస్తే ప్రభుత్వమే ఫీజు కట్టే బెస్ట్ అవైలబుల్ స్కూల్ ఉంది. మండల కేంద్రంలో 'ఇంటర్నేషనల్' అని పెద్ద బోర్డు పెట్టిన ప్రైవేటు బడి ఉంది, దాని పసుపు పచ్చ బస్సు గూడెం దాకా వస్తోంది.

ఇన్ని బడుల్లో గోండిలోనో, కోయలోనో, కొలామిలోనో, సవరలోనో చదువు మొదలుపెట్టే బడి ఏది? చాలా మండలాల్లో వెతికినా దొరకదు. తల్లిదండ్రులు తమకు నచ్చిన బడిని ఎంచుకుంటున్నారని అంటాం. కానీ వాళ్ల ముందు పెట్టిన వరుసలో వాళ్ల భాష ఉందా అని అడగం. మన భాష ఆ వరుసలోకి రెండు మూడు సార్లు వచ్చింది, మళ్లీ పోయింది. ఎలా వచ్చింది, ఎందుకు పోయింది అన్నది మన యువతకూ, మనతోటి ఉపాధ్యాయులకూ తెలియాలి.

సవర బడి

ప్రతి ఏడాది ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులు పుట్టినరోజు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి పిల్లలకు చెబుతాం. అదే మనిషి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు రాశాడని, బడులు పెట్టించాడని చెప్పేవాళ్లు తక్కువ. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. పిల్లవాడికి అర్థమయ్యే మాటలో చదువు చెప్పాలన్న సూత్రాన్ని ఆయన తెలుగు పిల్లలకు ఒక రకంగా, సవర పిల్లలకు ఒక రకంగా పెట్టలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఆ సూత్రంలో తెలుగు సగాన్ని ఉంచుకుని సవర సగాన్ని వదిలేశారు.

మార్లవాయి

ఇటు గోదావరి అవతల నిజాం రాజ్యంలో కథ వేరు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఇప్పటి ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. భూమి సమస్యతో పాటు వాళ్లకు కనిపించింది చదువు లేకపోవడం. ఉర్దూలో ఉన్న కాగితం మీద ఏం రాసి ఉందో తెలియక, వేలిముద్ర వేసి మనవాళ్లు భూములు పోగొట్టుకుంటున్నారు.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. మరాఠీ అక్షరాలు కొద్దిగా వచ్చిన గోండు యువకులను చేర్చుకుని, వాళ్లనే పంతుళ్లుగా తయారుచేశారు. గోండి వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చు వేయించారు. పిల్లవాడు ముందు తన భాషలో చదవడం నేర్చుకుని, ఆ తర్వాత పై భాషల్లోకి వెళ్లాలన్నది పద్ధతి. అక్కడ చదివినవాళ్లలోంచి పంతుళ్లే కాదు, పట్వారీలు, అటవీ శాఖ ఉద్యోగులు కూడా వచ్చారు. గోండిలో చదువు మొదలుపెడితే వెనకబడిపోతారన్న మాటకు మార్లవాయి అప్పుడే జవాబు చెప్పింది. కాగితం చూసి భయపడే జనం నుంచి కాగితం రాసే మనుషులు తయారయ్యారు.

మార్లవాయి పద్ధతిలో రెండు విషయాలు మనం గుర్తుపెట్టుకోవాలి. పంతులు గూడెం మనిషి. పుస్తకం గూడెం భాష. ఈ రెండూ కలిసి ఉన్నాయి కాబట్టే అది నడిచింది.

రాష్ట్రం లేని భాషలు

1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడ్డాయి. తెలుగుకు ఒక రాష్ట్రం వచ్చింది. నాలుగేళ్లకు మరాఠీకి ఒకటి వచ్చింది. గోండి మాట్లాడేవాళ్లు మాత్రం ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లకు చెదిరిపోయారు. ఎక్కడికక్కడ ఆ రాష్ట్ర భాషే బడి భాష అయింది. మార్లవాయి వాచకాలు మూలపడ్డాయి. అదే 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అందులో ఉంది. హక్కు కాగితం మీదికి వచ్చిన ఏడాదే పుస్తకం బడిలోంచి పోవడం మొదలైంది.

1970ల మధ్యలో ఐటీడీఏలు వచ్చాక ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. అన్నం, బట్టలు, పుస్తకాలు దొరికాయి. ఆ బడులు లేకపోతే ఈ వ్యాసం రాసేవాళ్లం మేమూ లేము, చదివేవాళ్లలో చాలామంది మీరూ లేరు. కానీ మొదటి రోజు నుంచీ అక్కడ అంతా తెలుగే. మా గోండిలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. మేము ఒకటిని ఉండి అంటాం, రెండును రండ్ అంటాం. 'ఉండండి', 'రండి' అని పంతులు అంటే ఆరేళ్ల బిడ్డ చెవికి అవి లెక్కల్లా వినిపిస్తాయి. దాహమై 'ఏర్' అని అడిగిన బిడ్డను 'వాగుకు పోతావా' అని కసిరే పంతులు ఉన్నచోట ఆ బిడ్డ రెండోసారి నోరు తెరవదు. బడి మానేసిన పిల్లల గురించి రాసేటప్పుడు రిజిస్టర్లో 'ఆసక్తి లేదు' అని రాస్తారు. అది ఆసక్తి సంగతి కాదు.

2004 ప్రయత్నం

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాష ఆధారిత బహుభాషా విద్య మొదలైంది. గోండి, కోయ, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో, 240 బడుల్లో మొదలుపెట్టారు. పుస్తకాలను తెలుగు లిపిలో తయారుచేశారు. రాసినవాళ్లు మన ఉపాధ్యాయులే. ఇప్పపువ్వు, సంత, పండుగలు, పంటలు పాఠాలయ్యాయి. మొదట ఇంటి భాష, పక్కనే మెల్లగా తెలుగు, ఆ పైన ఇంగ్లిష్. తెలుగును తీసేయమని ఆ పద్ధతి చెప్పలేదు. తెలుగుకు మెట్లు కట్టింది.

అది ఎందుకు బలపడలేదు? కోయ పుస్తకం వచ్చిన బడికి కోయ రాని టీచరు వచ్చాడు. గోండు, కొలాం, లంబాడీ పిల్లలు ఒకే గదిలో కూర్చునే బడికి ఒక్క భాష పుస్తకమే వచ్చింది. విద్యా వాలంటీర్లను ఒక ఏడాది తీసుకుని మరో ఏడాది వదిలేశారు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ పద్ధతి ఏమిటో తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పినవాళ్లు తక్కువ. 'మా భాష మాకు వచ్చు కదా, దాన్ని బడిలో ఎందుకు చెబుతున్నారు' అని వాళ్లు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

2020 ఏప్రిల్

2020 ఏప్రిల్‌లో వారం రోజుల తేడాతో రెండు తీర్పులు వచ్చాయి. ఏప్రిల్ 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లిష్ మీడియం చేసే ఉత్తర్వులను కొట్టేసింది. ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు, ఏజెన్సీలో టీచరు ఉద్యోగాలు నూటికి నూరు స్థానిక ఆదివాసులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను కొట్టేసింది. మొదటి తీర్పు మీద రాష్ట్రమంతా చర్చ నడిచింది. రెండోదాని మీద ఏజెన్సీలో మాత్రమే బంద్‌లు జరిగాయి. నిజానికి మన పిల్లలకు రెండూ ఒకటే సమస్య. బడిలో ఏ భాష ఉంటుందన్నది పుస్తకం ఒక్కటే తేల్చదు, పంతులు ఎవరన్నదీ తేలుస్తుంది.

హైకోర్టు తీర్పు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం తీసుకుంది. కాగితం మీద మూడు దారులు ఉన్నాయి: తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంటూ ఇంగ్లిష్ మీడియం, తెలుగు మీడియం, ఇతర భాష. 96 శాతానికి పైగా మొదటిదాన్నే కోరుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. వాటిని ద్విభాషా పుస్తకాలు అంటున్నారు. హైదరాబాదు పిల్లవాడికి అది నిజమే, ఒక పేజీ కొత్త భాష, ఒక పేజీ ఇంటి భాష. నార్నూరులో గోండు పిల్లకు రెండు పేజీలూ పరాయివే.

తల్లిదండ్రులు తప్పు చేశారా?

లేదు. ఈ మాట మేము గట్టిగా చెబుతాం. ఫారెస్టు ఆఫీసులో, బ్యాంకులో, హైదరాబాదు ఆసుపత్రిలో కాగితం ఇంగ్లిష్‌లో ఉంటుందని వాళ్లు చూశారు. ఇంగ్లిష్ వద్దని ఉపన్యాసం ఇచ్చే పెద్దమనుషుల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో చూశారు. ఉద్యోగం వచ్చిన మనవాళ్లు పట్నంలో ఇల్లు తీసుకుని పిల్లల్ని ఎక్కడ వేశారో కూడా చూశారు. ఇంగ్లిష్ అడగడం వాళ్ల హక్కు.

అడ్మిషన్ల సమయంలో తల్లులు మాతో అనే మాట ఒకటుంది. 'సార్, మా మాట ఇంట్లో మేం నేర్పుకుంటాం. మీరు ఇంగ్లిష్ నేర్పండి.' పిల్ల ఇంట్లో ఉంటే ఈ మాట సరిపోయేది. కానీ మూడో తరగతికో, ఐదో తరగతికో పిల్ల హాస్టలుకు వెళ్తుంది. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు వస్తుంది. నేర్పాల్సిన ఇల్లు ఒకచోట, నేర్చుకోవాల్సిన పిల్ల ఒకచోట. కొన్నేళ్లకు ఆజ్జి మాట పిల్లకు సగమే అర్థమవుతుంది, పిల్ల మాట ఆజ్జికి అసలే అర్థం కాదు. మధ్యలో తల్లి కూర్చుని రెండువైపులా చెబుతుంది. దండారి పాటలు, తెగ కథలు, మందు చెట్ల పేర్లు ఆ సగంలోనే ఆగిపోతాయి.

ఇంటర్నేషనల్ అంటే

ఇంటర్నేషనల్ అన్న బోర్డు చూసి, అక్కడ ఇంగ్లిష్ తప్ప ఏమీ ఉండకపోవడమే గొప్ప అనుకుంటున్నాం. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది ప్రభుత్వం మారాక అది ముందుకు సాగలేదు. ఐబీ 1968లో జెనీవాలో పుట్టింది, దేశదేశాల పిల్లలు చదివే పద్ధతి. అందులో ఇంటర్ స్థాయి పిల్లవాడు బడిలో తన భాష టీచరు లేకపోయినా, తన మాతృభాషా సాహిత్యాన్ని బడి సహాయంతో సొంతంగా చదివి పరీక్ష రాసే వీలు ఉంది. అసలైన అంతర్జాతీయ బడి పిల్లవాడి ఇంటి భాషను లోపలికి రానిస్తుంది. మన మండల కేంద్రంలో ఆ పేరు పెట్టుకున్న బడి తెలుగు మాట్లాడినా జరిమానా వేస్తే, అది బోర్డు ఒక్కటే ఇంటర్నేషనల్.

యునెస్కో 1953లోనే చదువు మాతృభాషలో మొదలవ్వాలని చెప్పింది. విద్యా హక్కు చట్టం 2009లో, జాతీయ విద్యా విధానం 2020లో అదే చెప్పాయి. కాబట్టి మనం అడగాల్సింది ఇంగ్లిష్ కావాలా, గోండి కావాలా అని కాదు. గోండితో మొదలై ఇంగ్లిష్ దాకా వెళ్లే దారి కావాలి. మార్లవాయి మొదలుపెట్టిన దారి అదే, అప్పట్లో అవతలి ఒడ్డున ఉన్నది ఉర్దూ, ఇప్పుడు ఇంగ్లిష్.

ఒక గడి

ఉపాధ్యాయులు వెంటనే చేయగల పని ఒకటుంది. అడ్మిషన్ రిజిస్టర్లో మాతృభాష అనే గడి ఉంటుంది. చాలా బడుల్లో గోండు పిల్లకైనా, కోయ పిల్లకైనా, కొలాం పిల్లకైనా ఆ గడిలో అలవాటుగా 'తెలుగు' అని రాసేస్తారు. అందువల్ల లెక్కలో ఆ బడిలో గోండి మాట్లాడే పిల్లలే ఉండరు. లేని పిల్లల కోసం పుస్తకం ఎవరు అచ్చు వేస్తారు? ఆ భాష వచ్చిన టీచరును ఎవరు వేస్తారు? 350-ఎ అధికరణం ఎవరికి వర్తిస్తుంది?

2011 జనగణనలో గోండి మా భాష అని చెప్పినవాళ్లు 29 లక్షలకు పైగా ఉన్నారు. కోయ అన్నవాళ్లు 4 లక్షలకు పైగా ఉన్నారు. ఇంటికి వచ్చినవాళ్లు అడిగినప్పుడు చెప్పారు కాబట్టే ఆ లెక్క ఉంది. రాబోయే జనగణనలో చదువుకున్న యువత తమ గూడెంలో ఆ గడి దగ్గర నిలబడాలి. బడిలో ఆ గడి మన చేతిలోనే ఉంది. ఈ జూన్‌లో అడ్మిషన్ రాసేటప్పుడు తల్లిని ఒక్క మాట అడగండి: 'బాయీ, ఇంట్లో పిల్లతో ఏ భాష మాట్లాడతారు?' ఆమె ఏది చెబితే అది రాయండి.