స్టాండు కింది రాతిముక్క

మా తిరుపతి ఇళ్లలో నేల సమతలంగా ఉండదు. ఉండకూడదు కూడా. బండలు పరిచేటప్పుడే మేస్త్రీ తూము వైపు కాస్త వాటం పెడతాడు, కడిగిన నీళ్లు నిలవకుండా. ఆ కడిగేది ఎవరో చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి ఆ నేల మీదే నడిచినా, ఆ వాటం ఎంతుందో నాకు తెలిసింది మాత్రం చేపల తొట్టి తెచ్చిన రోజున.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండితే 190 లీటర్లు, అంటే 190 కిలోలు. గాజు, గులకరాళ్ల బరువు దానికి అదనం. సగం నింపేసరికే తేడా బయటపడింది. పై అంచు నుంచి నీటిదాకా ఒక మూల కొలిస్తే జానెడు, ఎదుటి మూల అంతకు రెండు వేళ్లు తక్కువ. ఎదురింట్లో పనిచేస్తున్న మేస్త్రీని పిలుచుకొచ్చాను. ముందు నీళ్లు తోడేయమన్నాడు. నేను తొట్టి కింద అట్టముక్క దోపబోతే చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. గాజు కింద ఒక్కచోట ఎత్తు పెడితే బరువంతా అక్కడే పడి పగులుతుందట. సరిచేయాల్సింది స్టాండు కాళ్ల కింద. చెక్కముక్క పెడితే నేల కడిగినప్పుడల్లా ఉబ్బుతుందని పలచని రాతిముక్కలు పెట్టాడు. రసమట్టం పొడవునా, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూశాడు. స్టాండు పలక మీద థర్మోకోల్ పరిచి తొట్టి ఎత్తి పెట్టాం. పావు వంతు నింపి మళ్లీ చూశాం. స్టాండు ఒక కాలి మీద ఊగినా అడుగు గాజు మెలిబడుతుంది, అతుకులు విడతాయి అన్నాడు.

ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్లంతా చేపలను చూస్తారు. రాతిముక్కలను ఎవరూ చూడరు. ఆ తర్వాత అక్వేరియం చరిత్ర చదువుతుంటే పదే పదే ఆ రాతిముక్కలే గుర్తొచ్చాయి.

ఆ చరిత్రను మామూలుగా లండన్ నుంచి మొదలుపెడతారు. 1850లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రవేత్త నీటిమొక్కలూ చేపలూ ఒకదాన్నొకటి బతికించుకుంటాయని తన ప్రయోగాలను ప్రకటించాడు. 1853లో లండన్ జూలో చేపల కోసం ప్రత్యేకంగా ఒక భవనం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకం వచ్చింది. గాజు మీద పన్ను 1845లోనే పోయింది కాబట్టి మధ్యతరగతి ఇళ్ల ముందు గదుల్లోకి తొట్లు వచ్చిపడ్డాయి.

కానీ అంతకు చాలా ముందే, 1832లో, సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో ఒక స్త్రీ గాజుతొట్టి చేయించుకుంది. ఆమె జాన్ విల్‌ప్రో పవర్. 1794లో ఫ్రాన్సులోని జుయ్యాక్ అనే పల్లెలో చెప్పులు కుట్టేవాడి ఇంట పుట్టి, పారిస్‌లో బట్టలు కుట్టి బతికింది. ఆర్గోనాట్ అనే సముద్రజీవి తన గుల్లను తానే చేసుకుంటుందా, ఇంకో ప్రాణిది ఆక్రమిస్తుందా అన్నది ఆనాటి పండితుల తగవు. చచ్చినవాటిని సీసాలో పెట్టి వాదించుకుంటున్న కాలంలో, బతికినదాన్ని చూడాలంటే నీళ్లతో సహా చూడాలని ఆమెకు తోచింది. గుల్ల విరిస్తే ఆ ప్రాణి తానే బాగుచేసుకోవడం కళ్లారా చూసి తగవు తీర్చింది. ఆ గుల్లను కట్టేది ఆడ ఆర్గోనాటే. గుడ్లు దాచుకునేదీ అందులోనే. మగదానికి గుల్లే లేదు. తర్వాత ఆమె సేకరణలు తీసుకెళ్తున్న ఓడ మునిగిపోయింది.

ఇంకొకామె ఆనా థిన్. లండన్‌లో ఒక మతాధికారి భార్య. 1846లో టోర్కే సముద్రతీరంలో పగడపు జీవులను ఏరి ఇంటికి తెచ్చుకుంది. వాటికి ఊపిరి ఆడాలంటే నీటిలో గాలి కలవాలి. అందుకని రోజూ తెరిచిన కిటికీ దగ్గర నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండాలి. అది అలసట కలిగించే పనేనని ఒప్పుకుంటూనే, తన చిన్న పనిపిల్లకు అది సరదాగా ఉండేదని ఆనా రాసుకుంది.

ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆ పిల్ల పేరు ఆ కథనంలో లేదు. సరదాగా ఉందా అని ఆమెను అడిగినవాళ్లూ కనిపించరు. జాన్, ఆనాల పేర్లు వెలికితీసి చరిత్రను సరిచేశామని మనం సంతోషపడుతున్నప్పుడు, మన రసమట్టం పొడవునా మాత్రమే పెట్టి చూశామేమో. ఐమూలగా పెడితే తేడా కనిపిస్తుంది.

మరి మా ఇంట్లో? వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. మూడు నాలుగు బిందెలు. కల్యాణి డ్యాం నీళ్లో తెలుగుగంగ నీళ్లో, కుళాయి వచ్చిన రోజున పట్టి, ఒకరోజు నిలవుంచి పోయాలి. ఈ బిందెలు మోసింది నేను కాదు, మా ఇంట్లో పనిచేసే ఆమె. చేపల గురించి వచ్చినవాళ్లందరికీ చెప్పాను గానీ ఆ బరువు సంగతి ఎన్నడూ చెప్పలేదు. అసలు నాకే తట్టలేదు. స్త్రీల శ్రమ మీద సదస్సులకు పత్రాలు రాసిన నాకు.

ఈ వ్యాసం రాస్తున్నప్పుడు ఆమెను అడిగాను, నీ పేరు రాయనా అని. ఆమె నవ్వింది.

"పేరు పెట్టుకోని నేనేం జేసేది మా? నీళ్లు మార్చే దినానికి వేరేగా కూలియ్యండి."

ఆ వారం నుంచి ఇస్తున్నాను. ముందే ఇవ్వాల్సింది. ఈ వ్యాసంలో ఆమె పేరు లేకపోవడం ఆమె నిర్ణయం. లండన్ కిటికీ దగ్గర నిలబడిన ఆ పిల్లకు ఆ అవకాశమూ దొరకలేదు.