సైజు నంబరు ఎవరి ఒంటి కొలత?

నిరుడు మన కుట్టు కేంద్రంలో సైజుల చార్టు చూసి జాకెట్లు కుట్టి అమ్మకానికి పెట్టాం. ఛాతీ సరిపోయినవాళ్లకి చెయ్యి పట్టేసింది, చెయ్యి సరిపోయినవాళ్లకి భుజం జారింది. ఒకక్క అయితే "నా ఒళ్లే ఇట్లా ఉంది, మీరేం చేస్తారు" అని తిరిగిచ్చి వెళ్లింది. ఆ చార్టు ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఆ మాట అనేది కాదు.

మనకి సైజు అనే లెక్క లేదు, ఆది ఉండేది. ఆది జాకెట్టు ఇచ్చి "చంక దగ్గర అరంగుళం వదులు పెట్టు" అంటే దర్జీకి అర్థమయ్యేది. లోపల గుడ్డ వదిలి కుట్టేవాళ్లు. ఒళ్లొస్తే ఒక కుట్టు విప్పుకునేవాళ్లం. రెడీమేడ్‌లో ఆ గుడ్డ మిగల్చరు.

సైజుల గొడవ అమెరికాలో పెద్దదైంది. అక్కడ పోస్టులో బట్టలు అమ్మే కంపెనీలకి, సరిపోక వెనక్కి వచ్చే బట్టలతో నష్టం. 1939-40లో ప్రభుత్వం తరఫున రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ అనేవాళ్లు సుమారు 15,000 మంది ఆడవాళ్లకి, ఒక్కొక్కరికి 59 కొలతలు తీయించారు. చేయించింది వ్యవసాయ శాఖ! ఇంటి పనులు, బట్టల మీద పరిశోధన అక్కడ ఆ శాఖ కిందే ఉండేది. టేపు పట్టినవాళ్లకి తెలుసు అదెంత పనో. కానీ తెల్లజాతి కాని ఆడవాళ్ల కొలతలు తీసి కూడా లెక్కలో కలపలేదు. ఆ లెక్కల మీదే 1958లో సైజుల ప్రమాణం వచ్చింది. అదీ అందరికీ కుదరక 1983లో తీసేశారు. తర్వాత ఏ కంపెనీ నంబరు ఆ కంపెనీదే. ఒకచోట 'ఎల్' పట్టినామెకి ఇంకోచోట 'ఎక్స్ఎల్' కూడా పట్టదు. కొనేవాళ్లు మురిసిపోవాలని పెద్ద బట్టకి చిన్న నంబరు వేసేవాళ్లూ ఉన్నారు.

మన దేశంలో చాలా కంపెనీలు విదేశీ చార్టులే అటూ ఇటూ మార్చి వాడుకున్నాయి. మనవాళ్ల కొలతలు తీస్తామని కేంద్ర జౌళి శాఖ, నిఫ్ట్ సంస్థ ముందుకొచ్చింది 2018లో. ఆరు నగరాల్లో 25,000 మందిని యంత్రంతో కొలవాలని అనుకున్నారు, అందులో మన హైదరాబాద్ ఒకటి. మంచి పనే. కానీ నాట్లేసి, మోపులు మోసి గట్టిపడిన చేతులు, భుజాలు నగరాల కొలతల్లో ఎంతవరకు దొరుకుతాయో నాకు అనుమానమే.

అందుకని ఈ ఏడు చార్టు పక్కన పెట్టాం. ప్రతి జాకెట్టుకీ రెండు పక్కలా అంగుళం గుడ్డ లోపల వదులుతున్నాం. గుడ్డ ఖర్చు కాస్త పెరిగింది, అది లెక్కల పేజీలో కనిపిస్తుంది. సభ్యుల చెయ్యి, భుజం, ఛాతీ కొలతలు పేరు పేరునా పుస్తకంలో ఎక్కిస్తున్నాం. రెండు ఊళ్లవి అయ్యాయి. మిగతా ఊళ్లవాళ్లు సమావేశానికి వచ్చేటప్పుడు ఒక ఆది జాకెట్టు తెస్తే చాలు, కొలుచుకుని అప్పుడే ఇచ్చేస్తాం.