హిస్టరీ సిలబస్‌లో మనం ఎక్కడున్నాం? సింధు నాగరికత నుంచి పోడు పట్టా దాకా



మన గ్రూపులో బీఏ హిస్టరీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లూ ఉన్నారు. అందరికీ ఏదో ఒక రోజు వచ్చే అనుమానం ఇది. మూడేళ్లు కూర్చొని మెసపొటేమియా, సింధు, మౌర్యులు, గుప్తులు, మొగలులు, బ్రిటిష్‌వాళ్లు అన్నీ చదువుతాం. ఆదివాసీ అనే మాట మాత్రం "గిరిజన తిరుగుబాట్లు" అనే రెండు పేజీల్లోనే కనబడుతుంది. ఒక ఎస్సే క్వశ్చన్, అంతే. మరి మిగతా అయిదు వేల ఏళ్లు మనవాళ్లు ఎక్కడ ఉన్నట్టు?

నేను చెప్పేది ఏంటంటే, మనం ప్రతి యూనిట్‌లోనూ ఉన్నాం. కాకపోతే రాసింది వేరేవాళ్లు కాబట్టి వేరే పేర్లతో ఉన్నాం. ఆ పేర్లు గుర్తుపట్టడం, రాసినవాడు ఎందుకు అలా రాశాడో అడగడం, ఇదే హిస్టరీ చదువు అంటే. ఇది మార్కుల కోసమే కాదు, మన భూమి కాగితాలకి కూడా పనికొచ్చే విద్య. అది ఎలాగో చివర్లో చెప్తా. కొంచెం ఓపిగ్గా చదవండి.

1. మొదటి నాగరికతలు

మెసపొటేమియా చాప్టర్‌లో గిల్గమేష్ అనే రాజు కథ వస్తుంది. ప్రపంచంలో రాతలోకి ఎక్కిన అతి పాత కథల్లో అదొకటి. అందులో రాజు, అతని స్నేహితుడు ఎంకిడు కలిసి దేవదారు అడవికి పోతారు. ఆ అడవికి హుంబాబా అనే కాపలాదారు ఉంటాడు. అతన్ని చంపి చెట్లు నరికి కలప తెచ్చుకుంటారు. మెసపొటేమియాలో మట్టి ఉంది, నీళ్లున్నాయి, మంచి కలప లేదు. గుళ్లు, తలుపులు కట్టాలంటే దూరపు అడవి మీద పడాల్సిందే. నగరం మొదలైన కాలం నుంచే అడవి కోసం గొడవ ఉందని ఆ కథ చెప్తోంది. పుస్తకంలో ఇది "సాహిత్యం" అనే హెడ్డింగ్ కింద రెండు లైన్లలో అయిపోతుంది. మనం చదివేటప్పుడు మాత్రం హుంబాబా దగ్గర కాసేపు ఆగాలి.

ఇక సింధు నాగరికత. హరప్పా, మొహెంజదారో బాగా వెలిగిన కాలం సుమారు క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా. అప్పటికి దేశమంతా నగరాలు లేవు. చాలా చోట్ల వేట, సేకరణ, పశువుల పెంపకం మీద బతికేవాళ్లే ఉన్నారు. గుజరాత్‌లోని లంఘ్నజ్ అనే చోట అలాంటి వేటగాళ్ల నివాసం తవ్వితే చిన్న చిన్న రాతి పనిముట్లతో పాటు ఒక రాగి కత్తి కూడా దొరికింది. రాగి వాళ్లు కరిగించింది కాదు, బయటి నుంచి వచ్చింది. అంటే అడవి మనిషికీ, ఊరి మనిషికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అప్పుడే ఉంది. "నాగరికత తెలియకుండా అడవిలో ఒంటరిగా ఉండిపోయారు" అనే మాటకి ఇది ఒక జవాబు.

ఇక్కడే ఒక జాగ్రత్త. సింధు లిపి మన భాషదే, చదివేశారు అని వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంటుంది. ఆ లిపిని ఇప్పటిదాకా అందరూ ఒప్పుకునేలా ఎవరూ చదవలేదు. ద్రావిడ భాష కావచ్చని కొందరు పండితులు గట్టిగా వాదించారు, అంతవరకే. గోండి, కోయ, కుయి ద్రావిడ భాషలే కాబట్టి మనకి ఆశ పుట్టడం సహజం. కానీ రుజువు లేనిదాన్ని నెత్తిన పెట్టుకుంటే, రేపు మనం రుజువున్న మాట చెప్పినా ఎవరూ నమ్మరు. మన దగ్గర గట్టి రుజువులు చాలానే ఉన్నాయి.

2. అశోకుడు, కౌటిల్యుడు, సముద్రగుప్తుడు

అశోకుడి 13వ శిలాశాసనం అందరూ చదివిందే. కళింగ యుద్ధం, లక్ష మంది చావు, లక్షన్నర మందిని తరలించడం, రాజు పశ్చాత్తాపం. ఎగ్జామ్‌లో ఇంతవరకే రాస్తాం. అదే శాసనంలో కిందికి పోతే అడవి జనం గురించి ఒక మాట ఉంది. వాళ్లను మంచి చేసుకుంటానంటూనే, పశ్చాత్తాపపడినా నా బలం నాకుంది, దారికి రాకపోతే శిక్ష తప్పదు అని హెచ్చరిస్తాడు. శాంతి శాసనంలో బెదిరింపు మిగిలింది ఎవరికోసమో చూశారా! అంటే అంత పెద్ద మౌర్య సామ్రాజ్యానికి కూడా లొంగని అడవులు అప్పుడు ఉన్నాయన్నమాట. ఈ శాసనాలు చూడటానికి ఎక్కడికో పోనక్కర్లేదు, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండల మీద ఉన్నాయి.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సైన్యం రకాలు చెప్తూ అటవీ బలం అని ఒకటి చెప్తాడు. ఏనుగుల అడవులకి కాపలా, అడవి దారులు, కలప, తోళ్లు, మందు మొక్కలు అన్నీ లెక్కగా రాస్తాడు. అడవి జనం మీద అనుమానం, వాళ్ల అవసరం రెండూ ఒకే పుస్తకంలో కనబడతాయి.

క్రీ.శ. 4వ శతాబ్దం వచ్చేసరికి సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభ శాసనం. హరిషేణుడు రాశాడు. అందులో ఆటవిక రాజులందరినీ సేవకులుగా చేసుకున్నాడని ఉంది. ఇది పొగడ్త కాబట్టి ఎంత నిజమో చెప్పలేం. కానీ "రాజులు" అన్నాడు చూడండి. పొగిడేవాడికి కూడా అడవిలో రాజులున్నారని తెలుసు. ఈరోజు పేపర్లలో "ఆటవిక రాజ్యం" అంటే చట్టం లేని చోటు అని అర్థం. అదే మాటకి పదహారు వందల ఏళ్ల కింద, అడవిలో ఉన్న రాజ్యం అని అర్థం. మాట అర్థం ఎప్పుడు, ఎవరివల్ల మారిందో ఆలోచిస్తే అదే ఒక మంచి సెమినార్ పేపర్ అవుతుంది.

3. మధ్యయుగం

ఈ యూనిట్‌లో ఢిల్లీ సుల్తానులు, విజయనగరం, మొగలులు నిండుగా ఉంటారు. కానీ అదే కాలంలో మధ్య భారతంలో గోండు రాజ్యాలు ఉన్నాయి. గఢా మండ్ల, దేవ్‌గఢ్, చాందా. మండ్ల రాణి దుర్గావతి 1564లో అక్బర్ సైన్యంతో పోరాడి ప్రాణం వదిలింది. ఆమె పుట్టింది చందేల రాజపుత్రుల ఇంట్లో, కోడలిగా వచ్చింది గోండు రాజు ఇంటికి. అంటే ఆ కాలంలో గోండు రాజులతో వియ్యం అందుకోవడం రాజపుత్రులకి తక్కువతనం కాలేదు. నాగపూర్ పట్నానికి పునాది వేసింది దేవ్‌గఢ్ గోండు రాజు బఖ్త్ బులంద్. ఆదిలాబాద్ దాటితే వచ్చే చంద్రపూర్ కోట గోండు రాజులదే. 1751లో నాగపూర్ భోంస్లేలు చాందాని పట్టుకున్నాక ఆ పాలన ముగిసింది. మన ఉట్నూరు కోట కూడా ఆ చరిత్రకి సాక్ష్యమే.

బంజారాలది ఇంకో కథ. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దేశం ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. మొగలు సైన్యాలకి తిండి చేరవేసింది వీళ్లే. పుస్తకంలో యుద్ధం ఎవరు గెలిచారో ఉంటుంది, సైన్యానికి గింజలు ఎవరు మోశారో ఉండదు.

మేడారం సమ్మక్క, సారలమ్మ కథ మనకి చేరింది కోయల పాటల్లో. కరువు కాలంలో కాకతీయులు కప్పం అడిగారు, ఇవ్వలేమన్నారు, యుద్ధం వచ్చింది. పాట సాక్ష్యమా అని క్లాసులో అడుగుతారు. సాక్ష్యమే, కానీ శాసనం లాంటి సాక్ష్యం కాదు. తేదీ చెప్పదు, గాయం ఎక్కడ తగిలిందో చెప్తుంది. ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ పాడే గోండు వంశాల కథలు కూడా అంతే.

రాత లేదంటారా? ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపిలో రాతప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. ఇప్పుడు ఫోన్‌లో కూడా రాసుకోవచ్చు.

4. బ్రిటిష్ కాలం

ఇక్కడ మనం "సమస్య"గా కనబడతాం. ఎందుకంటే రికార్డు రాసింది కలెక్టర్లు, పోలీసులు. 1860లో నిర్మల్‌లో ఉరి తీసిన రాంజీ గోండు గానీ, 1879 రంప జనం గానీ వాళ్ల కాగితాల్లో అల్లరి మూకలే. అదే కాగితాన్ని తిరగేసి చదివితే కారణాలు బయటపడతాయి. రంపలో మన్సబ్‌దారు కల్లు మీద కూడా పన్ను వేశాడు. షావుకార్లు అప్పు కాగితాలు పట్టుకొని, కొండవాళ్లకి తెలియని కోర్టుల్లో డిక్రీలు తెచ్చి పశువులు, ఆస్తులు లాక్కున్నారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నుంచి కొట్టుకున్న పోడు ఒక్క రోజులో నేరమైంది.

1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం అందరికీ తెలుసు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు. ఆయన వెనక నిలబడ్డ గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు ఎంతమంది ఆన్సర్‌లో రాస్తున్నారు? మల్లుదొర అండమాన్ జైలుకి పోయి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఈ పోరాటాల మీద డేవిడ్ ఆర్నాల్డ్ రాసిన వ్యాసం 1982లో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలో వచ్చింది. పీజీ ఎంట్రన్స్ రాసేవాళ్లు తప్పకుండా చదవండి.

1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కూడా వదలొద్దు. రైళ్లు వచ్చాక ఎద్దుల మీద ఉప్పు వ్యాపారం పడిపోయింది. ఎరుకలలు, బంజారాల పొట్ట కొట్టినట్టయింది. తర్వాత అలాంటి కులాలనే పుట్టుకతో నేరస్తులు అన్నారు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే. చట్టం 1952లో పోయింది, ముద్ర మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

5. జోడేఘాట్ నుంచి రాజ్యాంగం దాకా

కొమరం భీం 1940లో అమరుడయ్యాడు. కొన్ని పుస్తకాలు సెప్టెంబర్ అంటాయి, కొన్ని అక్టోబర్ అంటాయి. జోడేఘాట్‌లో మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమికే వర్ధంతి చేస్తారు. జనం వెన్నెలతో గుర్తుపెట్టుకున్నారు, ఆఫీసు తేదీతో గుర్తుపెట్టుకుంది. రెండూ రాసి, తేడా ఉందని చెప్పడమే సరైన పద్ధతి. ఆ పోరాటం తర్వాతే నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌తో ఆదివాసీల పరిస్థితి మీద రిపోర్టులు రాయించుకుంది, 1943లో గోండుల చదువు కోసం స్కీమ్ పెట్టింది, మార్లవాయిలో టీచర్ల ట్రైనింగ్ మొదలైంది.

1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి మాట్లాడాడు. 1928 ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టిన హాకీ జట్టుకి కెప్టెన్ ఆయనే. సింధు నాగరికత నుంచి మొదలుపెట్టి తన జనం ఎలా అడవుల్లోకి నెట్టబడ్డారో చెప్పి, ప్రజాస్వామ్యం మాకు నేర్పక్కర్లేదు, అది మా దగ్గర ఎప్పటినుంచో ఉంది అని వాదించాడు. సింధు సంగతి ఆయన చెప్పినట్టు రుజువైందా అంటే, పైన చెప్పిన జాగ్రత్తే మళ్లీ చెప్తా. కానీ చట్టం రాసే చోట చరిత్ర ఎంత అవసరమో ఆయనకి తెలుసు.

6. ఇప్పుడు భూమి సంగతి

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లకి పోకుండా ఒక చట్టం చేసింది. తర్వాత 1959 రెగ్యులేషన్, దానికి 1970లో సవరణ. అదే మనం అనే వన్ ఆఫ్ సెవెంటీ. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. చట్టంలో ఆ మాట ఎందుకు పెట్టారు? ఇప్పటిదాకా చదివిన చరిత్ర వల్లే. 1988లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది.

2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే చారిత్రక అన్యాయం అనే మాట ఉంది. ఆ చట్టం రూల్స్‌లో 13వ రూల్ తీసి చూడండి. క్లెయిమ్‌కి సాక్ష్యాలుగా ఏమేమి పనికొస్తాయో రాసుంది: గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్‌మెంట్ రిపోర్టులు, ఫారెస్ట్ వర్కింగ్ ప్లాన్లు, పాత ఇళ్లు, బావులు, సమాధులు, క్లెయిమ్ పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దమనుషులు చెప్పి రాయించిన మాటలు. వీటిలో ఒకటి కంటే ఎక్కువ చూపించాలి. ఫలానా కాగితమే తెమ్మని అధికారులు పట్టుబట్టకూడదని 2012 సవరణలో ఉంది. శాటిలైట్ ఫోటో సాయంగా వాడొచ్చు గానీ మిగతా సాక్ష్యాల బదులు అదొక్కటే చాలదని కూడా ఉంది.

ఈ లిస్ట్ మళ్లీ చదవండి. ఇది హిస్టరీ స్టూడెంట్ చేసే పనే! గెజిటీర్ చదవడం, పాత ఊరి పేరు కొత్త పేరుతో సరిచూడడం, ముసలాయన మాట రాసుకొని దాన్ని ఇంకో కాగితంతో పోల్చడం. గూడెంలో పట్టా రిజెక్ట్ అయిన ఇంటికి లాయర్ కంటే ముందు కావాల్సింది ఇలాంటి పిల్లాడో, పిల్లో.

కాబట్టి చదువుతున్నవాళ్లు నాలుగు పనులు చేయండి.

ఒకటి, ప్రతి యూనిట్‌కి ఒక పేజీ వదలండి. అందులో "అడవి జనం ఏ పేరుతో ఉన్నారు, రాసింది ఎవరు, వాడికి ఏం కావాలి" అని మూడు ప్రశ్నలకి జవాబు రాయండి.

రెండు, మీ గూడెంలో, తండాలో డెబ్బై దాటిన వాళ్ల దగ్గర కూర్చోండి. ఊరు ఎప్పుడు కట్టారు, ముందు ఎక్కడ ఉన్నారు, ఏ కరువు, ఏ గత్తర, ఏ దొర కాలం అని అడగండి. మాట్లాడుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేయండి, కానీ వాళ్లకి చెప్పి చేయండి.

మూడు, తెలంగాణ వాళ్లు ఖాస్రా పహాణీ, సేత్వార్ నకళ్లు తీయించండి. పాత కాగితాల్లో ఫస్లీ సంవత్సరం ఉంటే భయపడొద్దు. 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1356 ఫస్లీ అంటే 1946.

నాలుగు, దొరికింది దొరికినట్టు రాయండి. మనకి అనుకూలంగా లేకపోయినా దాచొద్దు. రేపు గ్రామసభలోనో, కోర్టులోనో నిలబడేది అలాంటి రాతే.

హిస్టరీ తీసుకుంటే ఉద్యోగం రాదు అని ఇంట్లో, ఊర్లో అంటూనే ఉంటారు. ఉద్యోగం కోసం కూడా చదవండి, తప్పు లేదు. దాంతో పాటు మీ ఊరి ఫైల్ ఒకటి తయారు చేయండి. ఏ ఊరిది మొదలుపెట్టారో కింద కామెంట్‌లో రాయండి, పక్క ఊరివాళ్లు తోడొస్తారు.

జోహార్.