స్లీపింగ్ బ్యాగు లైనరు

స్లీపింగ్ బ్యాగు లైనరు అనునది, ఆరుబయట గుడారములు వేసికొని రాత్రులు గడపువారు తమ స్లీపింగ్ బ్యాగు లోపల అమర్చుకొను పలుచని వస్త్రపు సంచి. మన యిండ్లలో బొంతకు లోపల కప్పుకొను దుప్పటియు, దిండునకు తొడుగు గలేబును చేయు పనులు రెండును దీనియందు ఒక్కచోట చేరినవి. శరీరమునకును బయటి సంచికిని నడుమ నిలిచి, ఇది ఒకవంక వెచ్చదనమును కొంత పెంచును. వేఱొకవంక చెమటయు జిడ్డును ధూళియు బయటి సంచికి అంటకుండ కాచును. ఈ రెండును వేఱువేఱు ప్రయోజనములుగ తోచినను, శీతలప్రదేశములందు పొడిగా నుండుటయే వెచ్చగా నుండుటకు మూలము గావున, నిజమునకు ఇవి ఒకే ప్రయోజనమునకు రెండు ముఖములు.

నిర్మాణము

లైనరు సామాన్యముగ రెండు మీటర్లకు మించిన పొడవును, బయటి సంచికి సరిపడు వెడల్పును కలిగియుండును. కొన్ని దీర్ఘచతురస్రాకృతిలో నుండును. మఱికొన్ని భుజములవద్ద విశాలమై, పాదములవైపు సన్నగిలుచు, మమ్మీ ఆకృతి గల సంచులకు ఒదుగునట్లు కుట్టబడును. తలవైపు బిగించుకొనుటకు ఒక త్రాడును, లోనికి దూరుట సులభమగునట్లు ప్రక్కగా ఒక చీలికయు కొన్నింటికి ఉండును. పాదములవద్ద కుట్టిన చిన్న ముడిత్రాళ్లు చూచుటకు అల్పములుగ కనబడినను, వాని ఉపయోగము అర్ధరాత్రమున తెలియును. బయటి సంచి అడుగున వీనిని ముడివేయనిచో, పడుకొన్నవాడు రెండుమాఱులు ప్రక్క మరలునప్పటికి లైనరు మెలిదిరిగి మోకాళ్లను చుట్టుకొని, చీకటిలో కాళ్లు విడిపించుకొనుటయే ఒక ప్రయాస యగును.

వెచ్చదన మేర్పడు విధము

ఏ వస్త్రమును తనంతట వేడిని పుట్టింపదు, పుట్టించునది శరీరమే. నిద్రించు మనుష్యుని దేహము విడుచు ఉష్ణము ఇంచుమించు డెబ్బది, ఎనుబది వాట్ల దీపమునకు సమానము. పోగులనడుమ చిక్కి నిశ్చలముగ నిలిచిన గాలియే ఆ ఉష్ణమును పోనీయక ఆపును. బయటి సంచి వదులుగా నున్నప్పుడు, పడుకొన్నవాడు కదలినప్పుడెల్ల లోపలి వెచ్చని గాలి మెడవద్దనుండి వెడలి, చల్లని గాలి లోని కేతెంచును. లైనరు ఆ ఖాళీస్థలమును రెండుగ విభజించి, గాలి కదలికను మందగింపజేయును. ఇంతేకాక, నైలాను అస్తరు ఒడలికి తగిలినంతనే చల్లగను, చెమట పట్టినపుడు అంటుకొనునట్లును ఉండును. పట్టు, నూలు, ఉన్ని వంటి వస్త్రములు ఆ చల్లని స్పర్శను తొలగించును.

ఐనను దీని శక్తికి రెండు హద్దులు కలవు. లైనరు మిక్కిలి మందమై బయటి సంచిలో ఇఱుకైనచో, సంచిలో నింపిన నూగు ఈకలు అణగి, లాభమునకు బదులు నష్టమే కలుగును. రెండవది, శరీరభారముచేత క్రిందివైపు పొరలన్నియు నలిగిపోవును గావున నేలనుండి వచ్చు చలిని లైనరు ఆపజాలదు. ఆ పని క్రింద పఱచు మ్యాటుదే.

వస్త్రభేదములు

పట్టు లైనరు బరువున 120 నుండి 150 గ్రాములు మాత్రమే యుండి, పిడికిట పట్టునంతగా మడువబడును. సామాను మోసికొని కొండ లెక్కువారు దీనినే కోరుదురు. నూలు లైనరు చవుకయు సుఖస్పర్శయు గలదే కాని, తడిసిన శీఘ్రముగ ఆరదు. బరువును పట్టుకంటె రెండు మూడింతలు. ఫ్లీసు లైనరు వెచ్చదనమున మేలైనది. అయితే అరకిలో ప్రాంతపు బరువును, పెద్ద మూటయు దాని వెంట వచ్చును. మెరీనో ఉన్ని కొంత తేమను పీల్చినను వెచ్చదనమును కోల్పోదు, దుర్గంధమును త్వరగా పట్టదు. బోలుపోగుల పాలియెస్టరుతో అల్లిన లైనర్లు సాగుడుగుణము కలిగి, తేలికగ నుండి, త్వరితముగ ఆరును.

చరిత్రలో ఒక నిదర్శనము

లోసంచి యొక్క విలువను, దాని పరిమితిని కూడ, దక్షిణధ్రువఖండమున జరిగిన ఒక యాత్ర లోకమునకు తెలిపినది. కెప్టెన్ స్కాటు నాయకత్వమున వెడలిన టెర్రానోవా బృందమునుండి విల్సన్, బోవర్స్, చెర్రీ-గారార్డ్ అను మువ్వురు 1911 జూన్ 27న, ధ్రువశీతకాలపు అంధకారమున, పెంగ్విను గ్రుడ్లకై క్రోజియరు అగ్రమునకు బయలుదేరి, అయిదు వారములకు మరలివచ్చిరి. వారివి రెయిన్‌డీరు చర్మపు సంచులు. వానికి లోపల అమర్చుకొనుటకు ఐడరు బాతుల నూగుతో చేసిన లోసంచులు తీసికొనిపోయిరి. చలి సున్నకు దిగువ 60 డిగ్రీల సెల్సియస్ వఱకు దిగెను. వారి ఊపిరియు చెమటయు బయటికి పోవు దారిలేక సంచులలోనే మంచుగ గడ్డకట్టెను. బయలుదేరునపుడు 52 పౌనులు తూగిన మూడు సంచులు తిరిగి వచ్చునప్పటికి 118 పౌనులు తూగినవి. ప్రతిరాత్రియు శరీరపు వేడితో ఆ మంచును కరగించుకొనుచు కొంచెముకొంచెముగ లోనికి దూరవలసి వచ్చెడిది. బోవర్స్ తన లోసంచిని వాడక పొడిగా దాచియుంచి, చలికి ఎక్కువగా బాధపడుచున్న చెర్రీ-గారార్డ్‌నకు ఇచ్చెదనని పలుమాఱులు బతిమాలెను. మొదట నిరాకరించినను తుదకు ఆయన దానిని గ్రహించెను. ఆ మంచుటెడారిలో ఒక పొడి లోసంచికంటె గొప్ప కానుక వేఱొకటి లేదు. ఈ వృత్తాంతమును చెర్రీ-గారార్డ్ 1922లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున చెప్పెను.

తేమవలన కలుగు ఈ కష్టమును నివారించుటకే అనంతరకాలమున ఆవిరిని చొరనీయని లైనర్లు పుట్టినవి. గాలి పోని వస్త్రముతో చేయబడు ఇవి, చెమట బయటి సంచిలోని నూగును చేరకుండ ఆపును. అనేకదినములు గడ్డకట్టు చలిలో సాగు యాత్రలకే ఇవి తగును. సామాన్యపు చలిలో వాడినవారు తమ చెమటలో తామే తడియుదురు.

వెచ్చదనమునకై కాక శుభ్రతకై లైనరు వ్యాపించిన చరిత్రయు కలదు. రిచర్డ్ షిర్మాన్ 1912లో జర్మనీయందలి ఆల్టెనా కోటలో యువజనవసతిగృహమును నెలకొల్పిన పిమ్మట, అట్టి వసతిగృహములు అనేకదేశములకు ప్రాకెను. పలువురు కప్పుకొను కంబళ్లు మలినము కాకుండ, బాటసారులు తమ దుప్పటిసంచిని తామే వాడు ఆచారము వానియందు స్థిరపడెను. ఆల్ప్స్ పర్వతములలోని పెక్కు విశ్రాంతిశాలలందు నేటికిని ఇదియే నియమము.

ఎన్ని డిగ్రీలు?

స్లీపింగ్ బ్యాగుల ఉష్ణోగ్రతాంకములను మొదట 2002లో వెలువడిన ఐరోపా ప్రమాణము ననుసరించి నిర్ణయించిరి; 2016 తరువాత ఐఎస్ఓ 23537 అను ప్రమాణము ననుసరించి నిర్ణయించుచున్నారు. వేడిచేసిన మానవప్రతిమకు లోదుస్తులు తొడిగి, మ్యాటుపై పరుండబెట్టి ఈ పరీక్ష చేయుదురు; సుఖముగ నిద్రించు ఉష్ణోగ్రత, నిద్రకు కడపటి హద్దు, ప్రాణాపాయపు హద్దు అని అంకెలు వేఱువేఱుగ ఇత్తురు. లైనరు కలిపిన వెచ్చదనము ఈ అంకెలలో చేరదు. లైనరువలన కలుగు లాభము 8 డిగ్రీలనియు, 15 డిగ్రీల వఱకనియు వ్యాపారప్రకటనలు చెప్పుటయు కలదు. అనుభవమున పలుచని పట్టు, నూలు లైనర్ల వలన రెండు మూడు డిగ్రీలును, మందమైన వానివలన అయిదు డిగ్రీల ప్రాంతమును లాభించునని తలంచుట క్షేమము.

వాడుక, సంరక్షణ

ఆంధ్రప్రదేశమునందలి చింతపల్లి దాపున, ఇంచుమించు వేయి మీటర్ల యెత్తున నున్న లంబసింగిలో డిసెంబరు, జనవరి మాసముల తెల్లవాఱుజామున చలి సున్న డిగ్రీల సమీపమునకు దిగుచుండును. మంచుమేఘములు చూచుటకై ఆ చెంతనున్న చెరువులవేనమున గుడారములలో నిద్రించు మనవారికి, పలుచని సంచి చాలనిచోట ఫ్లీసు లైనరు తోడైన రాత్రి సుఖముగ గడచును. ఉక్కపోసెడి రాత్రులందు పట్టు లేక నూలు లైనరు ఒక్కటే కప్పుగ చాలును.

పగలు నడచిన తడి దుస్తులతో లైనరులో దూరరాదు. పొడి లోదుస్తులు, పొడి మేజోళ్లు వేసికొనవలెను. చలికి ఓర్వలేక తలను లోనికి ముడుచుకొని ఊపిరి విడుచుట తగదు. ఆ ఊపిరిలోని తేమ సంచిని తడుపును. ఉదయముననే లైనరును వెలికి తీసి, ఎండలోనో గాలిలోనో ఆరవేయవలెను. పట్టు లైనరును పట్టుచీరను ఉదికినట్లే, కుంకుడురసముతో మెల్లగ నలిపి, పిండక నీడపట్టున ఆరబెట్టుట మేలు. నూగు ఈకల సంచిని ఉదుకుట కష్టసాధ్యము. ఉదికినకొలది దానికి నలుగుడు తప్పదు. లైనరును తఱచుగ ఉదుకుకొన్నవాడు సంచిని అరుదుగ ఉదుకును, దాని ఆయువును పెంచును.

లైనరు మంచి స్లీపింగ్ బ్యాగునకు తోడు మాత్రమే. దానికి బదులు కాదు. పోవుచోటి చలికి తగిన సంచిని, మ్యాటును మొదట సమకూర్చుకొని, ఆ పిమ్మటనే లైనరును చేర్చుకొనవలెను.