మూడు వందల గంటల లెక్క

మార్చి 31 అంటే మన కడియం నర్సరీల్లో ఏడాది లెక్కలు తేల్చే రోజు. 2011 నుంచి అదే తేదీని ప్రపంచ బ్యాకప్ దినంగా కూడా పాటిస్తున్నారు. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక దారిలో ఇప్పుడు మొక్క కన్నా ముందు దాని వీడియో కొనేవాళ్ళను చేరుతోంది. ఆ వీడియోలు ఎడిట్ చేసే కుర్రాళ్ళకు ఇంటి కంప్యూటర్ వేగం ఎంతున్నా చాలదు. రెండు ఎస్ఎస్‌డీలను జతచేసి ఒకటిగా వాడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వాళ్ళకు రావడం సహజం. స్ట్రైపింగ్ అనే ఆ పద్ధతికీ, రైడ్ 0 అనే ఆ పేరుకూ తెలుసుకోదగ్గ చరిత్ర ఉంది.

సమాచారం దాచుకునే తాపత్రయం మనకు కొత్త కాదు. గోదావరి డెల్టాలో శతాబ్దాల పాటు రాత తాటాకు మీదే బతికింది. చెమ్మా చెదలూ ఆకును తినేసేలోపు ఇంకో ప్రతి రాయించేవారు. అలా ప్రతి మీద ప్రతి ఎత్తబట్టే ఎన్నో కావ్యాలు మన దాకా వచ్చాయి. అక్కడి నుంచి ఒక్క అంగలో 1956కి వస్తే ఐబీఎం రామాక్ అనే డిస్కు యంత్రం కనిపిస్తుంది. 24 అంగుళాల పళ్ళేలు యాభై, టన్నుకు పైగా బరువు, పట్టేది 50 లక్షల అక్షరాలు. ఫోనులో తీసిన ఒక మంచి ఫొటోకి ఇవాళ ఆ చోటు చాలకపోవచ్చు.

నాకు ప్రాణప్రదమైన ఘట్టం 1988 జూన్‌లో జరిగింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ షికాగోలో జరిగిన సిగ్మాడ్ సదస్సుకు ఒక పరిశోధన పత్రం పట్టుకెళ్ళారు. ప్రాసెసర్లు ఏటేటా వేగం పుంజుకుంటుంటే డిస్కులు వెనకబడిపోతున్న కాలం అది. పెద్ద కంప్యూటర్ల పక్కన ఐబీఎం 3380 అనే భారీ డిస్కు ఉండేది, దాని సామర్థ్యం 7,500 మెగాబైట్లు. పర్సనల్ కంప్యూటర్ల కోసం కానర్ కంపెనీ చేసిన మూడున్నర అంగుళాల డిస్కు పట్టేది 100 మెగాబైట్లే. ఆ చిన్నవాటిని 75 చేర్చి, సమాచారాన్ని ముక్కలు చేసి అన్నింటికీ ఒకేసారి పంచితే, పెద్ద డిస్కు కన్నా పన్నెండు రెట్ల వేగం రావచ్చని, ఖర్చూ కరెంటూ కూడా తగ్గుతాయని వాళ్ళు లెక్క కట్టారు.

ఎంత చక్కటి ఆలోచన! కానీ అదే పత్రంలో వాళ్ళు రెండో లెక్క కూడా వేశారు. నేను వాళ్ళను గౌరవించేది దానికే. ఒక్కో డిస్కు సగటున 30,000 గంటలు పనిచేస్తుందనుకుంటే, అలాంటివి వంద కలిపిన గుంపులో ఏదో ఒకటి పాడయ్యేందుకు సగటున 300 గంటలు చాలు. అంటే రెండు వారాలు కూడా కాదు. అందుకే వేగం గురించి ఎంత రాశారో, పోయిన డిస్కులోని సమాచారాన్ని మిగతా వాటితో తిరిగి కట్టడం గురించి అంతకన్నా ఎక్కువ రాశారు. రైడ్ పేరుతో 1 నుంచి 5 వరకు ఐదు అంచెలు చెప్పారు. తర్వాత సన్ 4/280 కంప్యూటర్‌కు 28 డిస్కులు తగిలించి మొదటి నమూనా కట్టారు.

ఆ ఐదింటిలో సున్నా లేదు. రక్షణ లేని స్ట్రైపింగ్‌ను 1986లోనే ప్రిన్స్‌టన్‌లో సాలెం, గార్సియా-మోలీనా వివరించారు. దానికి రైడ్ 0 అన్న పేరు బర్క్‌లీ పత్రం తర్వాత వచ్చి చేరింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరు కాలువలుగా చీలినట్టే ఇక్కడ సమాచారం డ్రైవుల్లోకి చీలుతుంది. అయితే ఒక కాలువకు గండి పడితే ఆ ఆయకట్టు వరకే నష్టం. స్ట్రైప్‌లో ఒక డ్రైవు పోతే రెండోదాంట్లో మిగిలేవి పనికిరాని తునకలే.

డిస్కుల సంగతి ఇలా ఉండగా ఎస్ఎస్‌డీల కథ వేరే దారిలో నడిచింది. తోషిబాలో మసువోకా బృందం 1987లో వాటికి ఆధారమైన నాండ్ ఫ్లాష్‌ను చూపింది. 1991లో సన్‌డిస్క్ 20 మెగాబైట్ల ఎస్ఎస్‌డీ తెచ్చింది. 2008లో ఇంటెల్ ఎక్స్25-ఎం వచ్చాక కొందరు ఇళ్ళలో రెండేసి ఎస్ఎస్‌డీలను జతకట్టారు. కానీ చెరిపిన చోటు ఇదని డ్రైవుకు చెప్పే ట్రిమ్ ఆదేశం ఇంటెల్ రైడ్ 0 జతలకు 2012 దాకా అందలేదు. ఈలోగా ఎన్‌వీఎంఈ అనే కొత్త అనుసంధాన పద్ధతి వచ్చింది. పాత సాటా పద్ధతి డ్రైవు సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంటే, 2015 నాటి శాంసంగ్ 950 ప్రో ఎన్‌వీఎంఈ డ్రైవు ఒక్కటే 2,500 చదివింది. నాలుగు సాటా డ్రైవులు కలిపినా దాన్ని అందుకోలేవు.

అయినా జత కట్టాలనుకుంటే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో స్ట్రైప్డ్ వాల్యూమ్ ఉంది, లైనక్స్‌లో ఎండీ అడ్మిన్ ఉంది. రెండు డ్రైవుల్లో ఉన్నదంతా ముందు చెరిగిపోతుంది. సైజులు వేరైతే చిన్నదాని మేరకే లెక్క. విండోస్‌లో కట్టిన స్ట్రైప్ నుంచి విండోస్ బూట్ కాదు. పెద్ద వీడియో ఫైళ్ళు పరుగెడతాయి కానీ కంప్యూటర్ తెరుచుకోవడం, చిన్న ఫైళ్ళు వెతకడం పెద్దగా మారవు. ఒక్కో డ్రైవు ఏడాదిలో పోయే అవకాశం నూటికి ఒకటి అనుకుంటే, జత పోయే అవకాశం దాదాపు రెండు. కాబట్టి ఎడిటింగ్ సాగుతున్న ఫైళ్ళకే ఆ జతను వాడుకుని, అసలు వీడియోలూ నర్సరీ లెక్కలూ వేరే హార్డ్ డిస్కులో ఒక ప్రతి, ఊరవతల బంధువుల ఇంట్లో ఇంకో ప్రతి ఉంచుకోవాలి.