మోతుర్ఫా పోయిందా?

మద్దికెర పిల్లోడొకడు బెంగుళూరులో ఇంటింటికీ కిరాణా సరుకులు చేరవేస్తాడు. మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, నాకు జీతమే లేదే, పన్నెందుకు పట్టుకున్యారు?"

జీతం కాదు గనకే. లెక్కల్లో వాడు ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు. అందుకని 1 శాతం టీడీఎస్.

నాకు మోతుర్ఫా గుర్తొచ్చింది. 1800లో నిజాం మా సీమను కుంఫిణీకి అప్పజెప్పాక, భూమికి శిస్తయితే మగ్గానికి, కొలిమికి, అంగడికి మోతుర్ఫా. 1852లో గాజుల లక్ష్మీనరసు చెట్టిగారి మద్రాసు నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకి మొరపెట్టుకుంది: రోడ్డుపక్కన అమ్ముకునేవాణ్ణీ వదలట్లేదు, పనిముట్టు ఖరీదుకి ఆరింతల పన్ను కూడా ఉంటోంది అని.

1860లో జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్ను తెచ్చాడు. తిరుగుబాటు అప్పులు తీర్చుకోడానికే లెండి. కానీ అందులో ఒక న్యాయం ఉంది: ఏడాదికి 200 రూపాయలు రానివాడి జోలికి పోకూడదు. ఆ తర్వాతే మోతుర్ఫా రద్దయింది.

ఇప్పుడూ పరిమితి ఉంది. కాకపోతే ముందు కోత, తర్వాత లెక్క. రిటర్న్ వేస్తే కోసింది వెనక్కొస్తుంది, వెయ్యకపోతే వాడికది మోతుర్ఫానే. మనకైతే టీడీఎస్ కాగితం ఆఫీసే చేతిలో పెడుతుంది. వాడికి చెప్పేదెవరు?

ఆదివారం కూర్చుని వాడి రిటర్న్ వేశాం. గంట పట్టింది. మీకూ అలాంటి తమ్ముడుంటే ఓ గంట ఇవ్వండి.